గీకేసిన నిజం

"ముఖం కడిగేసి, మసి ఎక్కడుందో చూపించమంటే ఎక్కణ్ణుంచి తేను మరిదీ? నువ్వే చెప్పు!"

వదిన చేతిలోని గరిటె గాలిలో ఆగింది. వంటగది గుమ్మంలో కూర్చున్న మరిది, గరిటె అందనంత దూరానికి కుర్చీ జరుపుకున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే మనిషి, చదువు అంతంతమాత్రం. అయినా వదిన పని గురించి వినడమంటే చెవి కోసుకుంటాడు.

"ఎవరి ముఖం వదినా? అన్నయ్యదా?"

"మీ అన్నయ్యది కడిగినా ఒకటే, కడక్కపోయినా ఒకటే. నేను చెప్పేది రేకుల సంగతి."

వదిన లోహాలను పరీక్షించే ల్యాబులో శాస్త్రవేత్త. కిటికీ లేని గది, గాలి తోడే పంపుల రొద, మధ్యలో గుండ్రటి అద్దపు కన్నమున్న ఉక్కు డబ్బా. డబ్బాలో పెట్టిన ముక్క మీద ఎక్స్ కిరణాలు పడితే పైపొర నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి వస్తాయి. ఏది ఎంత ఊపుతో వచ్చిందో కొలిస్తే ఆ పొరలో ఏమేం ఉన్నాయో తెలుస్తుంది. వెంట్రుక మందాన్ని పదివేల పొరలుగా చీలిస్తే అందులో ఒక్క పొర, అంతే దాని లోతు. వేలు తగిలితే చాలు, చెమటలోని ఉప్పు తెర మీద కనబడుతుంది. ఒకసారి డైరెక్టరుగారు ముచ్చటపడి ముక్కను స్వయంగా చేత్తో తీసి పెట్టారు. "సార్, ఇది రేకు కాదు, మీ బొటనవేలు" అందీవిడ అందరి ముందూ. ఆనాటి నుంచి ఆయనకు ఆవిడ పొడ గిట్టదు. మిగతావాళ్ళకు ఆవిడ పేరు 'ముట్టుకోకమ్మ'.

ఈ రేకులు ఆసుపత్రి మంచాలు తయారుచేసే ఫ్యాక్టరీవి. పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. తప్పంతా పూతమేస్త్రిదేనని ఆయన్ను పని మాన్పించి, రేపు విచారణ పెట్టారు. వదిన చూస్తే పూత అడుగున సిలికోన్ నూనె పొర. రేకు అచ్చుకు అంటుకోకుండా యంత్రం దగ్గర చల్లే నూనె అది. దాని మీద ఎంత పనిమంతుడు పూసినా నిలవదు.

"వాళ్ళ యంత్రం తప్పని తేలితే ఊరుకుంటారా? మా డైరెక్టరుకు ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. నేను లేని సమయం చూసి ఈ పెద్దమనిషి రేకులన్నీ గీకించేశాడు!"

"కత్తితోనా?"

"కాదు. అయాన్లతో కొట్టి పైపొర లేపేసే ఏర్పాటు మా డబ్బాలోనే ఉంది. లోపల ఏముందో చూడాలంటే అది మంచిదే. రోగమే పైపొరలో ఉంటే? నూనె గీకి పారేసి, ఆ తర్వాత కొలిచి, 'మలినాలేమీ లేవు' అని సంతకం గీకాడు. నా కొలతేమో చెల్లదట, ముక్క శుభ్రం చెయ్యలేదట! ఉన్నది ఉన్నట్టు చూడ్డమే కదయ్యా పరీక్ష! ఒకడి అన్నం నోటి దగ్గర లాగేస్తూ శుభ్రం గురించి నాకు చెబుతాడా?"

మరిది కుర్చీ మళ్ళీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆ మేస్త్రి మా దుకాణం వెనక వీధే వదినా. ఆ ఊడిన రేకుల్లోదే ఒకటి ఆయన ఇంట్లో ఉందట."

వదిన పొయ్యి ఆపేసింది. "దాని మీద పూత ఉందా? కొంచెమైనా?"

"సగం ఉంది. కానీ ఇవాళ దాన్ని గరుకు కాగితంతో తళతళా రుద్ది, తన చేత్తో కొత్త పూత వేసి రేపు అందరికీ చూపిస్తాడట. 'నా పనితనం చూశాక ఎవడు నోరెత్తుతాడో చూస్తా' అన్నాడు."

"అయ్యో పిచ్చి మహానుభావా! తన గొయ్యి తనే తవ్వుకుంటున్నాడు. నూనె పోయేలా రుద్దాక పూస్తే నిలవక ఏం చేస్తుంది? 'చూశావా, మనసుపెట్టి వేస్తే నిలుస్తుంది, అప్పుడు ఒళ్ళొంచలేదు' అంటారు! ఆ రేకును ఉన్నదున్నట్టు నేను పరీక్షించాలి!"

"మళ్ళీ చెల్లదంటే?"

"అనమను. మిగిలిన పూత అడుగున నూనె అలాగే ఉంటుంది; ఆ పూత డైరెక్టరు కళ్ళెదుటే, మేస్త్రి కళ్ళెదుటే ఊడదీస్తాను. మేస్త్రి ముఖంలోకి చూస్తూ గీకమని చెప్పమను చూద్దాం."

అలమరలోంచి అల్యూమినియం చుట్ట తీసి మరిది ఒళ్ళో పడేసింది.

"ఇంకా కూర్చున్నావేం, లే! రుద్దొద్దని చెప్పు. తుడవొద్దు, కడగొద్దు. అంచులు పట్టుకుని ఇందులో చుట్టించు. ఆయన్ని వెంటబెట్టుకుని సరాసరి ల్యాబుకి రా, నేనక్కడుంటాను. దారిలో విప్పి వేలుపెట్టి చూశావో, నీ బొటనవేలు నాకు తెర మీద దొరికిపోతుంది. వెళ్ళు బాబూ, త్వరగా వెళ్ళు!"