తనకిచ్చిన మాత్రలు

విశ్వాసమ్మది ఓర్వకల్లు దగ్గర ఓ చిన్న పల్లె. మొగుడు ఏసురాజు గుట్టలో రాళ్ళు కొట్టేవాడు, ఆమె చేనికూలికి పోయేది. పెళ్ళై చాలా ఏళ్ళైనా పిల్లలు లేరు. ఒకరికొకరే దిక్కు.

1957లో ఏసురాజుకు దగ్గు పట్టుకుంది. మొదట రాతిదుమ్ము అనుకున్నారు. కళ్ళెలో నెత్తురు పడ్డాక విశ్వాసమ్మ అతన్ని కర్నూలుకు తీసుకుపోయింది. క్షయ అని తేలింది. ఆసుపత్రిలో మంచం ఖాళీ లేదు, ఇంట్లోనే ఉండి మాత్రలు మింగమన్నారు.

డాక్టరమ్మ విశ్వాసమ్మ చేతికి కూడా సూది వేసి చూసింది. రెండు మూడు రోజులకు అక్కడ ఎర్రగా పొంగింది. క్షయ విత్తనం లోపల పడిందనీ, ఇంకా మొలవలేదనీ, మొలవకుండా ఉండాలంటే ఆమె కూడా మాత్రలు మింగాలనీ చెప్పింది. ఇలా ముందుగానే మందివ్వడం అప్పటికి కొత్త. ఇద్దరికీ బరువు తూచి వేరువేరు పొట్లాలు కట్టించింది. ఎవరివి వారే మింగాలనీ, వాంతులైనా, కళ్ళు పచ్చబడినా ఆపేసి వెంటనే రావాలనీ చెప్పి పంపింది.

విశ్వాసమ్మకు అది మనసుకెక్కలేదు. తనకు దగ్గు లేదు, జ్వరం లేదు. ఎదురుగా మొగుడు ఎముకలగూడై కూర్చుంటే తాను మందు మింగడం పాపమనిపించింది. తన మాత్రలు కూడా కలిపి అతని చేతిలో పెట్టింది. డాక్టరమ్మే అన్ని మింగమందని చెప్పింది. అతను రోజూ అలాగే మింగాడు.

మొదట్లో దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. తాను చేసిన పని మంచిదేననుకుంది. ఎండలు ముదిరేసరికి అతని కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి, ఆపైన అరికాళ్ళలో మంటలు. ఒంటికి వేడి చేసిందని పక్కింటి మద్దమ్మ మజ్జిగ తాగించమంది. గుణం కనిపించలేదు. ఒక మధ్యాహ్నం చెప్పు ఊడిపోయినా తెలియక, కాగిన బండమీద నడిచి పాదం బొబ్బలెక్కించుకున్నాడు.

మళ్ళీ కర్నూలు పోయారు. ఎన్ని మాత్రలు మింగుతున్నావని డాక్టరమ్మ అడిగితే ఏసురాజు ఉన్నది చెప్పాడు. ఆమె విశ్వాసమ్మ వైపు చూసింది.

"నావి గూడా ఆయప్పకే ఇస్తాంటి తల్లీ. బాగుండేదాన్ని, నాకెందుకులే అనుకుంటి" అంది విశ్వాసమ్మ.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మందు ఒంటికి తగినంతే పడాల. మించితే నరాలను పట్టుకుంటాది. నువ్వు మింగకుండా రేపు పడకేస్తే, ఈయన్ని చూసేదెవరు?" అంది. ఏసురాజు మందు తగ్గించి, నరాలకు వేరే మాత్రలు ఇచ్చింది. విశ్వాసమ్మకు ఎక్స్‌రే తీయించింది. లోపలి విత్తనం ఇంకా మొలవలేదు.

తిరుగు బస్సులో ఏసురాజు అడిగాడు.

"నాకు చెప్పింటే నేను మింగుతాంటినా?"

"మింగవనే చెప్పలేదు."

ఆనాటి నుంచి ఆమె తన మాత్ర మింగేదాకా అతను తనది ముట్టేవాడు కాదు. పొద్దున్నే ఆమె రెప్ప కిందికి లాగి, కన్ను పచ్చబడిందేమో చూసేవాడు. ఒకసారి ఆమెకు వాంతులైతే అతనే మందు మాన్పించి బస్సెక్కించాడు. అది తిన్నది పడక అయిందని డాక్టరమ్మ తేల్చి, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించింది.

ఏసురాజు జబ్బు నయమైంది. మంటలు మెల్లగా తగ్గాయి గానీ కాలివేళ్ళకు స్పర్శ పూర్తిగా రాలేదు. గుట్ట ఎక్కే పని మానుకుని మేకలు పెంచుకున్నాడు. విశ్వాసమ్మకు క్షయ రాలేదు. పల్లెలో ఇంకెవరికైనా ఆ మందిస్తే, వాళ్ళింటికి పోయి తాను చేసిన పని దాచకుండా చెప్పి వచ్చేది.