వాలుగోడల మేడ మీద వంటిల్లు

మా అత్తగారి వంటింట్లో ఏమైనా వండుకోవచ్చు, ఎండు రొయ్యలు తప్ప. నేనేమో దివిసీమ పిల్లని. పుట్టింట్లో ఎండు రొయ్యలు వేగని వారమంటూ ఉండేది కాదు. పెళ్లయి బందరు వచ్చిన కొత్తలో, ఆవిడ గుడికి వెళ్లిన సమయం చూసి ఒకసారి వేయించాను. తిరిగి వచ్చిన ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు.

"తినడం మానమని నేను అనను అమ్మాయ్. కానీ ఈ వాసన నా ఆవకాయ జాడీల్లోకి వెళ్తే మాత్రం ఊరుకోను. అంత కావాలంటే మేడ మీద పొయ్యి పెట్టుకో."

కోపంలో అన్న మాటే అది. నేను మాత్రం అనుమతి కిందే తీసుకున్నాను.

మేడంటే పెంకుల కప్పు కింద ఉన్న ఒక పొడుగాటి గది. మధ్యలో నిలబడితే చెయ్యెత్తినా దూలం అందదు. పక్కకి నాలుగడుగులు వేస్తే మాత్రం నెత్తి తగులుతుంది. కప్పు రెండువైపులా వాలుగా దిగి, మోకాలి ఎత్తు దాకా వచ్చి ఆగుతుంది. లోపలివైపు చెక్కలు కొట్టి, వాటికి పచ్చరంగు వేశారు. నిలువు గోడలు రెండే, గదికి ఆ చివరొకటి, ఈ చివరొకటి. ఒకదానికి మెట్ల తలుపుంది, రెండోదాన్ని కిటికీ ఆక్రమించింది.

మా ఆయన రోజూ గుడివాడ వెళ్లి ఒక బట్టల కొట్లో లెక్కలు చూసేవారు. అక్కడ ఎవరో స్నేహితుడి కొత్తింట్లో పొగ లాగే చిమ్నీ చూసి వచ్చారు. "స్విచ్ వేస్తే చాలు, పొగ మాయం" అని చెప్పి, ఆ ఆదివారమే చిమ్నీలు అమ్మే కొట్టతన్ని వెంటబెట్టుకొచ్చారు. అతను టేపు పట్టుకుని గదంతా ఒక చుట్టు తిరిగాడు.

"గోడ ఎక్కడండీ?"

"ఇదేగా" అన్నారు మా ఆయన, వాలుచెక్కల మీద చెయ్యేసి.

"ఇది గోడ కాదండీ. కప్పు."

"కప్పు మోకాళ్ల దాకా వస్తుందా ఎక్కడైనా?"

"గోడ మీదికి వంగుతుందా అండీ మరి?"

అది గోడో కప్పో తేలేలోపు రెండుసార్లు టీ పెట్టాల్సి వచ్చింది. చివరికి చెక్క దిమ్మలు దాపు పెట్టి, చిమ్నీని వాలుకే బిగిస్తానని ఒప్పుకున్నాడు. దాని కిందికి వచ్చేలా పొయ్యి గట్టుని గదికి ఓ పక్కగా కట్టించాం.

మొదటిరోజు వంట చూడడానికి అత్తగారు పైకి వచ్చారు. నేను నడుం వంచి, మెడ ముందుకు పెట్టి పప్పు కలుపుతున్నాను. ఆవిడ కాసేపు చూసి, "పొయ్యికి దణ్ణం పెడుతూ వండడం ఇదే చూడ్డం" అన్నారు. నవ్వబోయి తలెత్తాను. చిమ్నీ అంచు ఠంగుమని తగిలింది. వారం తిరిగేసరికి నా నుదుటి మీద బొట్టుకి పైన ఇంకో బొట్టు ఏర్పడింది. పైగా వాలుగా ఉండడంతో జాలీకి పట్టిన నూనె, చిమ్నీకి అమర్చిన నూనె గిన్నెలోకి జారక ముందువైపుకి చేరి, అక్కణ్ణుంచి చుక్కచుక్కగా కూరలోకి దిగేది. ఇక కరెంటు పోయిందంటే పొగంతా నాకే.

చిమ్నీ విప్పించి వెనక్కి పంపించాం. ఈసారి మా ఆయన కిటికీ పైభాగంలో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించారు. పొద్దున పూట అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ ధైర్యంతో ఒక మధ్యాహ్నం ఎండు రొయ్యలు మూకుట్లో వేశాను. ఆ కిటికీ సముద్రం వైపు ఉందన్న సంగతి ఫ్యాను పెట్టేటప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు. మధ్యాహ్నం దాటగానే మొదలయ్యే గాలి ఫ్యానుని నిలవనివ్వలేదు. పొగ కిటికీ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, తలుపులోంచి మెట్లు దిగింది. కింద నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నీ రొయ్యలు నడిచి వచ్చాయి. కూర్చోమననా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇక మేడ మీద వంట నావల్ల కాదని అనేసి మంచం మీద కూర్చుండిపోయాను. సాయంత్రం మా ఆయన వచ్చి ఇంకో పథకం చెప్పబోతే, "మీరు కాసేపు మాట్లాడకండి" అన్నాను.

మర్నాడు శుక్రవారం. నేను మేడ మీద కూర్చుని గిన్నెలు సర్దుకుంటుంటే, అత్తగారు ఇల్లంతా సాంబ్రాణి వేస్తూ పైకి కూడా వచ్చారు. రొయ్యల వాసన పోవాలని ఆవిడ ఉద్దేశం. ధూపం పళ్లెం చివరి మెట్టు దగ్గర పెట్టి, ఆయాసం తీర్చుకోవడానికి నా పక్కనే కూర్చున్నారు. ఇద్దరం పొగని చూస్తూ ఉండిపోయాం. అది కిటికీ వైపు చూడనైనా చూడలేదు. వాలుచెక్కల్ని పట్టుకుని మెల్లగా పైకి పాకి, నడిమి దూలం దగ్గర పోగయింది. అక్కడ కాసేపు మెదిలి, పెంకుల మధ్య సందులోంచి బయటికి జారుకుంది.

"ఆ పళ్లెం ఇటు తీసుకురా" అన్నారు ఆవిడ.

కిటికీ కింద పెట్టి చూశాం. ఎడమ వాలు కింద, కుడి వాలు కింద పెట్టాం. ఎక్కడ పెట్టినా పొగ చివరికి దూలం దగ్గరికే చేరింది. అత్తగారికి పట్టుదల వచ్చింది. కొంగు బిగించి, ఆ మూల కూడా చూద్దామని, ఇంకొంచెం గుగ్గిలం వెయ్యమని నాకు పనులు చెప్పడం మొదలుపెట్టారు. సాయంత్రం మా ఆయన వచ్చేసరికి మేడంతా మబ్బు కమ్మినట్టుంది. మేమిద్దరం కళ్లనీళ్లు తుడుచుకుంటున్నాం. ఆయన కంగారుపడి, "మళ్లీ ఏమైందమ్మా?" అన్నారు.

"ఏం కాలేదు. పొయ్యి గది మధ్యలోకి రావాలి. మేస్త్రిని పిలు."

మేస్త్రి ఒక పట్టాన ఒప్పుకోలేదు. "నట్టింట్లో గట్టు ఏంటండీ, పెళ్లి అరుగులాగా? చూసినవాళ్లు నన్ను నవ్వుతారు" అన్నాడు. "మా ఇంటికి చూడ్డానికి ఎవరొస్తారులే" అని అత్తగారు అతన్ని కూర్చోబెట్టి ఒప్పించారు. పాత గట్టు తీసేసి, సరిగ్గా దూలం కింద కొత్తది కట్టాం. రేకు పనివాడి చేత పెద్ద గరాటు బోర్లించినట్టు ఒక గొడుగు చేయించి, పొయ్యి మీదికి వేలాడదీశాం. దాని గొట్టాన్ని దూలానికి పక్కగా పైకి తీసుకెళ్లి, ఒక పెంకు తీసిన చోటునుంచి బయటికి పెట్టాం. చెక్కలకి వేడి తగలకుండా చుట్టూ రేకు కొట్టించాం. వాన పడకుండా గొట్టానికి టోపీ పెట్టించడం మరిచిపోయాం కానీ, మొదటి జల్లుకి రసం రెండింతలయ్యాక అదీ పెట్టించాం.

చూడ్డానికి ఎవరొస్తారన్న అంచనా మాత్రం తప్పింది. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. గట్టు చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, మాకు తోచని సలహాలన్నీ ఇచ్చి వెళ్లారు. ఎండు రొయ్యలు వేయించిన రోజున మాత్రం నేను గుండె చిక్కబట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. కింద నుంచి ఏ కబురూ రాలేదు. దిగి వెళ్లి చూస్తే, ఆవిడ జాడీల మూతలకి కట్టిన గుడ్డలు వాసన చూసుకుంటున్నారు.

"పర్వాలేదు" అన్నారు.

ఆవిడ జీవితంలో ఎండు రొయ్యలు ముట్టలేదు. అయినా సాయంత్రమైతే అప్పడాలో, చేగోడీలో వేయించే వంకతో పైకి వచ్చేవారు. కింద వంటింట్లో పొయ్యి గోడవైపు ఉండేది; ఒకళ్లు వండుతుంటే రెండోవాళ్లకి వీపే కనిపించేది. ఇక్కడ గట్టుకి అటు ఆవిడ, ఇటు నేను. చేతులు పనిలో ఉండగానే ఎదురెదురుగా కబుర్లు చెప్పుకునేవాళ్లం. తను కాపురానికి వచ్చిన కొత్తలో వాళ్ల అత్తగారికి తెలియకుండా పెరట్లో పనసగింజలు కాల్చుకుని తిన్న సంగతి ఆవిడ నాకు అక్కడే చెప్పారు. "ఎప్పుడూ దొరకలేదా అత్తయ్యా?" అనడిగాను. మూకుట్లోంచి అప్పడం తీసి, నూనె కారే దాకా పట్టుకుని, "రోజూ దొరికేదాన్ని" అన్నారు.