సాయమ్మ వడ్డించిన విస్తరి

హైటెక్ సిటీ మొదటి మేడకు కాంక్రీటు మోసి మోసి నడుం పడిపోయాక, వెలివాడలో పుట్టిన సాయమ్మ బోరబండలో ఓ సంస్థకు వంటమనిషిగా కుదిరింది. అన్ని కులాలూ కలిసి తినాలని దాతలిచ్చిన సొమ్ముతో నడిచే సంస్థ అది. దాతలకు పంపే ఫొటో కోసం సంస్థ కార్యదర్శి బంతిలో కూర్చుని, ఆమె వడ్డించిన పప్పన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చాడు. ఫొటోగ్రాఫర్ ఫొటో తీయగానే ముద్ద విస్తట్లో పడేసి, చేయి కడుక్కుని, జీపెక్కి ఇంటినుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పాడు.

సాయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ విస్తరి తెచ్చి అతని ఒళ్లో కుమ్మరించింది.

"ఒళ్లు కొవ్వెక్కిందా? రేపట్నుంచి పనిలోకి రాకు!" అని అరిచాడతను.

"రాను తియ్యి" అని సాయమ్మ ఫొటోగ్రాఫర్ వైపు తిరిగింది. "అన్నా, జర గిట్ల రా. గిప్పుడు తియ్యి ఫొటో. గిది పంపుండ్రి మీ దాతలకు."