గోల్‌కీపర్ కోసం అరిచిన సాయంత్రం

మా చిన్నప్పుడు... సరిగ్గా చెప్పాలంటే నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, మూడు నెలల పాటు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మూగదాన్ని కాదు... మొండిదాన్ని!

నన్ను దుమ్ముగూడెం దగ్గర హాస్టల్లో వేశారు. మా ఊరేమో అడవిలో, వాగు అవతల. వానలు పడ్డాక ఆ వాగు దాటి అమ్మ రాలేదు, నేను పోలేను. ఎనభై మంది పిల్లల మధ్య పడుకున్నా నాకు ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేదాన్ని.

అప్పుడు పెద్ద క్లాసు అక్క ఒకామె నా చెవిలో ఒక మాట వేసింది. "పోయినేడు ఒక పిల్ల మాట్లాడుడు బంద్ చేసిందే. ఇగ వాళ్ళ నాయినను పిలిపిచ్చి ఇంటికి తోలిండ్రు."

అంతే... మర్నాటి నుంచి నా నోటికి తాళం. వార్డెన్ మేడమ్ బతిమాలింది, తిట్టింది. భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, ఏమీ తోచక తియ్యటి సిరప్ రాసిచ్చాడు. సిరప్ మాత్రం బుద్ధిగా తాగాను!

ఆ వానాకాలం చివర్లో హైదరాబాద్‌లో హాకీ లీగ్ మ్యాచ్ పెట్టారు. మా పీఈటీ సార్‌కి హాకీ అంటే పిచ్చి. ఎవరినో పట్టుకుని పాసులు సంపాదించి, పది మంది పిల్లల్ని తెల్లవారుజామున బస్సెక్కించారు. లిస్టులో నా పేరు లేదు. లిస్టులో ఉన్న లక్ష్మి అనే పిల్లకి జ్వరం వచ్చిందని ఆ సీట్లో నన్ను కూర్చోబెట్టారు. నా పక్కన భద్రమ్మ... మా అడవి ఊళ్ళలో ఇంట్లో మాట్లాడుకునే భాష తనకీ వచ్చు.

మాకు గోల్ వెనకాలే చోటు దొరికింది. వాన లేకపోయినా పైపులతో మైదానమంతా తడుపుతుంటే నోరు తెరుచుకుని చూశాం. తర్వాత మా ముందుకు గోల్‌కీపర్ వచ్చి నిలబడ్డాడు. కాళ్ళకి లావుపాటి ప్యాడ్లు, తలకి హెల్మెట్. అంతకుముందు నీళ్ళు తాగడానికి హెల్మెట్ తీస్తే చూశాను... ఇంకా మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు.

"గుడ్డెలుగు లెక్కున్నడు గదనే!" అంది భద్రమ్మ. ఎలుగుబంటి మాట వినగానే అందరూ కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు.

ఎందుకంటే మా హాస్టల్లో ప్రేయర్‌కి లేటుగా వచ్చిన పిల్లను వాలీబాల్ స్తంభం దగ్గర ఒక్కదాన్నే నిలబెట్టేవారు. అందరూ ఆడుకుంటుంటే ఆ పిల్ల చూస్తూ ఉండాలి. ఇతనికీ అదే శిక్ష పడిందనుకున్నాను. పాపం, ఏం తప్పు చేశాడో... సార్‌ని అడుగుదామంటే నేను నోరు విప్పకూడదాయె!

ఆటంతా అవతలి వైపే జరుగుతోంది. ఇతను మాత్రం ఆ కొస నుంచి ఈ కొసకి నడుస్తూ, కర్రతో స్తంభాన్ని తట్టుకుంటూ, తనలో తనే ఏదో మాట్లాడుకుంటున్నాడు. తన జట్టు గోల్ కొడితే అక్కడ అందరూ ఒకరి మీద ఒకరు పడి కౌగిలించుకున్నారు. ఇతను ఇక్కడ ఒక్కడే గాల్లోకి ఎగిరి, మళ్ళీ తన చోటికి వచ్చి నిలబడ్డాడు. అతని దగ్గరికి ఒక్కరూ రాలేదు.

చివర్లో అవతలి జట్టుకి పెనాల్టీ స్ట్రోక్ ఇచ్చారు. అంపైర్ అందరినీ దూరంగా పంపేశాడు. ఎదురుగా బంతి పెట్టుకుని కొట్టేవాడొకడు, ఇతనొకడు. ఇంతసేపు ఒంటరిగా నిలబడ్డవాడికి ఇంకా ఈ శిక్షేమిటి అని నాకు ఒళ్ళు మండిపోయింది.

లేచి నిలబడి, మా ఇంటి భాషలో గొంతు చించుకుని అరిచేశాను... "భయపడకు అన్నా! నీ వెనక నేనున్నా!"

అతను వెనక్కి చూడనే లేదు. బంతి వచ్చింది, కుడివైపుకి దూకాడు, ప్యాడ్‌కి తగిలి బయటికి పోయింది! జట్టంతా పరుగెత్తుకొచ్చి అతని మీద పడింది. నేను ఎగిరి గంతులేశాను... తిరిగి చూస్తే మా పిల్లలెవరూ మైదానం వైపు చూడట్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"గాయనకు నువ్వు ధైర్యం చెప్తున్నవా?" అంది భద్రమ్మ.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. లాభమేముంది!

సార్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సమ్మక్కా, నీకు మాటలొస్తయా బిడ్డా! నిన్ను ఇంటికి తోల్కపొమ్మని రేపు మీ నాయినకు పంపుదామని చిట్టీ రాసిన. ఇగ దాంతో ఏం పని?" అని జేబులోంచి కాగితం తీసి నా ఎదురుగానే చింపేశారు.

ఒక్కరోజు... ఇంకొక్క రోజు నోరు మూసుకుని ఉంటే ఇంటికి పోయేదాన్ని! వెక్కి వెక్కి ఏడ్చాను. గెలిచిన సంతోషంలో ఏడుస్తున్నాననుకుని సార్ నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టారు.

పదో తరగతి దాకా ఆ హాస్టల్లోనే ఉన్నాను. ఆ పదో తరగతి ఏడాది వానాకాలంలోనే జ్వరమొచ్చి అమ్మ పోయింది. వాగు పొంగి ఉంది... నాకు కబురు అందేసరికి మూడు రోజులైంది.

ఇప్పుడు ఖమ్మంలో నర్సుగా చేస్తున్నాను. ఆ రోజు అరవబట్టే చదువుకున్నావు, లేకపోతే ఈ ఉద్యోగం ఎక్కడిది అంటారు అందరూ. నిజమే కావచ్చు. కానీ అరవకపోతే ఇంకో ఐదేళ్ళు అమ్మ దగ్గర ఉండేదాన్ని కదా... ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు మా వాగు మీద వంతెన పడింది. హాస్టల్ పిల్లలు ఆదివారం వస్తే చాలు, ఇంటికి ఫోన్ చేసి గంటలు గంటలు మాట్లాడుతున్నారు. వాళ్ళని చూస్తే సంతోషమే... కొంచెం కుళ్ళు కూడా.

మీలో హాస్టల్ నుంచి ఇంటికి పోవాలని ఇలాంటి వేషాలు వేసి, నిజంగానే ఇల్లు చేరినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... గుమ్మంలో మిమ్మల్ని చూడగానే మీ అమ్మ ఏమందో అది కూడా రాయండి. నాకు వినాలనుంది.