పంజాగుట్టలో తబలా, కాకినాడలో వయొలిన్

అమీర్‌పేటలో పద్నాలుగేళ్లుగా నెట్‌వర్కింగ్ పాఠాలు చెబుతున్నాను. మూడో అంతస్తులో ఇరుకు గది, గోడ నిండా జావా, టెస్టింగ్ పోస్టర్లు, మధ్యలో నా బోర్డు. ఇంటర్నెట్‌లో సమాచారం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరడానికి ఎందుకు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్ని ఎలా కొలవాలి, ఎలా తగ్గించాలి అనే పాఠం ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. ఒక మనిషి కోసం ఆ పని నిజంగా చేయబోయింది మాత్రం ఒక్కసారే.

మా ఇల్లు పంజాగుట్ట మార్కెట్ వెనక సందులో. మా కింది ఫ్లాట్‌లో తబలా వాయించే ఆయన, ఆయన భార్య ఉంటారు. ఆయన సినిమా రికార్డింగుల్లో ముప్పై ఏళ్లు వాయించారు. తాళం కంప్యూటరే వేయడం మొదలయ్యాక ముందు పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. భార్య తుంటి విరిగి, ఆపరేషన్ కుదరక మంచాన పడింది. కూరగాయలకూ మందులకూ తప్ప ఆయన సందు దాటి వెళ్లేవారు కాదు. మధ్యాహ్నాలు మా వంటింటి నేల కింద నుంచి తబలా చప్పుడు వచ్చేది.

ఒక ఆదివారం పొద్దున ఆయన మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

“మేడం, మీరు ఇంటర్నెట్ పాఠాలు చెప్తరట గదా. జర ఒక పని ఉండె.”

లోపలికి రమ్మని కుర్చీ వేశాను. అప్పుడు చెప్పారు, ఆయనకొక స్నేహితుడున్నాడని. వయొలిన్ మాస్టారు. కృష్ణానగర్‌లో ఒకే గదిలో పాతికేళ్లు ఉన్న మనిషి, పెళ్లి చేసుకోలేదు. రికార్డింగుల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారట. మాస్టారికి కిడ్నీలు పాడై, చూసేవాళ్లు లేక కాకినాడలో తమ్ముడింటికి వెళ్లిపోయారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయన ఇక్కడికి రాలేరు, భార్యను వదిలి ఈయన అక్కడికి పోలేరు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఇద్దరూ ఫోన్లో గంటసేపు మాట్లాడుకుంటారు. ఒకరోజు వీడియో కాల్ పెట్టుకుని కలిసి వాయించబోయారు.

“కుదురుత లేదు మేడం. ఆయన అక్కడ సమ్ కొడితే నాకిక్కడ అర మాత్ర పోయినంక వినొస్తుంది. ఆయన కోసం నేను ఆగుతున్న. నేను ఆగిన్ననుకుని ఆయన ఇంకా ఆగుతుండు. రెండు నిమిషాలకు పాట పండుకుంటుంది.”

మాత్ర అంటే తాళంలో ఒక లెక్క, సమ్ అంటే తాళం తిరిగి మొదలయ్యే దెబ్బ. ఇద్దరూ అక్కడ కలవాలి.

ఆయన చెబుతున్నది నాకు తెలిసిన పాఠమే. అందుకే తేలిగ్గా అనేశాను: “రెండు వారాలు టైమివ్వండి అంకుల్. సెట్ చేసి పెడతాను.”

ఆయన మొహం చూసి నాకు సంతోషమేసింది. ఆ సంతోషం కోసమే ఆ మాట అన్నానేమో.

ముందు కొలిచాను. కాకినాడలో మాస్టారిని ఫోన్ ముందు చప్పట్లు కొట్టమని, ఇక్కడ అది ఎప్పుడు వినిపిస్తోందో రికార్డు చేసి చూశాను. ఒక వైపుకే దాదాపు పావు సెకను. ఇద్దరు కలిసి వాయించాలంటే అందులో పదో వంతుకు దించాలి. మాట్లాడేటప్పుడు పావు సెకను ఎవరికీ పట్టదు. తాళానికి అది చాలా పెద్ద ఎడం.

వీడియో కాల్ వదిలేసి, రెండిళ్లకూ పాత ల్యాప్‌టాప్‌లు సంపాదించి, శబ్దం మాత్రమే పంపే ఒక ఉచిత ప్రోగ్రామ్ పెట్టాను. అందులో మొదట ఎంచుకున్న పద్ధతి, దారిలో శబ్దపు ముక్క ఏది పోయినా మళ్లీ అడిగి తెప్పిస్తుంది. అది వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆగాలి. దాన్ని మార్చి, పోయిన ముక్కను పోనిచ్చి వచ్చినవి వచ్చినట్టు వినిపించే పద్ధతి పెట్టాను. అక్కడక్కడా చిటపటలు వచ్చాయి, ఆలస్యం మాత్రం సగానికి దిగింది. ఇద్దరి చేతా వైఫై మానిపించి తీగ పెట్టించాను. మాస్టారి తమ్ముడు రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఫోన్లో నేను చెబుతుంటే కళ్లద్దాలు పెట్టుకుని రౌటర్ సెట్టింగులు ఒక్కొక్కటే చదివి వినిపించేవారు.

“ఇప్పుడేంటమ్మా నొక్కాలి? ‘సేవ్’ అని ఉంది, నొక్కేయనా?”

వాళ్లింట్లో టీవీ సీరియల్ నడిస్తే ఆలస్యం ఒక్కసారిగా పెరిగేది. టీవీకి వచ్చే డేటా దారిలో పెద్ద వరుస కట్టేది, వయొలిన్ ఆ వరుస చివర నిలబడాల్సి వచ్చేది. ఆ వరుస పెరగకుండా రౌటర్లో హద్దు పెట్టించాను. తమ్ముడు ఆ గంటసేపు టీవీ కూడా కట్టేయించారు.

రెండు వారాలన్నది రెండు నెలలైంది. ఆలస్యం అరవై మిల్లీసెకన్లకు వచ్చింది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఇంకా పాతికకు దిగాలి. అయినా ఒక శుక్రవారం నెమ్మదైన పాటొకటి పట్టుకుని, కహర్వా తాళంలో ఐదు నిమిషాలు ఇద్దరూ ఆగకుండా వాయించారు. మంచం మీద ఆంటీ కళ్లు మూసుకుని దుప్పటి అంచు మీద వేళ్లు ఆడించింది. పాట అయ్యాక కాకినాడ నుంచి మాస్టారి గొంతు వచ్చింది.

“ఏం భాయ్, బతికే ఉన్నావన్నమాట.”

“నువ్వు సుత ఉన్నవ్ గదన్నా.”

అలా కుదిరింది ఆ ఒక్కసారే.

మిగిలిన ఆలస్యం ఎక్కడుందో వెతికాను. దారి మొత్తం గీసి చూస్తే తెలిసింది, మా పంజాగుట్ట నుంచి కాకినాడకు వెళ్లాల్సిన శబ్దం ముందు ముంబై వెళ్లి, అక్కడి నుంచి చెన్నై దిగి, తర్వాత కాకినాడ చేరుతోందని. రెండు కంపెనీల కనెక్షన్లు. ఆ రెండూ హైదరాబాదులో చేతులు కలిపితే చాలు. మా కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

“మేడం, స్పీడ్ టెస్ట్ చేసి చూడండి. వంద వస్తోందా?”

“వస్తోంది. స్పీడు కాదండీ నేను అడిగేది. చేరడానికి ఎంతసేపు పడుతోందన్నది.”

“వంద వస్తోంది కదా మేడం. మరి ప్రాబ్లం ఏంటి?”

ఎనిమిదిసార్లు ఫిర్యాదు చేశాను. ప్రతిసారీ మర్నాడు సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చేది. ఒకసారి ఇంటికి మనిషిని పంపారు. అతను రౌటర్ తీసి మళ్లీ పెట్టి, “మా చేతుల లేదు మేడం గిది, పైనోళ్లు చూడాలె” అని చెప్పి పోయాడు. కాకినాడలో వేరే కంపెనీకి మారుదామంటే ఆ వీధికి ఇంకోటి లేదు, వాళ్ల కంపెనీ మా సందుకు రాదు. మూడో నెలలో ఆ ముంబై దారి కూడా ఏదో మార్చినట్టున్నారు, అరవై కాస్తా తొంభైకి వెళ్లింది. నేను ఇంట్లో చేయగలిగిన పని ఏదీ మిగల్లేదు.

ఆ మాట వాళ్లకు అప్పుడే చెప్పి ఆపేయాల్సింది. చెప్పలేదు. ఇంకొక్క వారం చూద్దామంటూ వచ్చాను.

ఈలోపు శుక్రవారాలు పాడయ్యాయి. ముందైతే కబుర్లు చెప్పుకునేవారు. ఏ రికార్డింగులో ఎవరు ఏం తిన్నారో, ఏ మ్యూజిక్ డైరెక్టర్ ఎవరిని ఎలా తిట్టాడో. ఇప్పుడు లైను కలవగానే తాళం. వేగం జారిపోవడం, ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం.

“నువ్వు లాగుతున్నావు భాయ్.”

“నేనేడ లాగుతున్నన్నా. నువ్వే వెనకకు పోతున్నవ్.”

“ముప్పై ఏళ్లలో నేనెప్పుడైనా వెనకబడ్డానా?”

“అప్పుడు పడలే.”

నేను మధ్యలో వెళ్లి, ఇద్దరిదీ తప్పు కాదని, శబ్దం దారిలో ఆలస్యమవుతోందని చెప్పేదాన్ని. అంకెలు కూడా చూపించాను. ఆయన ఓపిగ్గా విని, “మీరు మా ఇద్దర్ని సముదాయిస్తున్రు మేడం” అన్నారు. లయ తప్పితే వాయించేవాడికి తెలుస్తుంది. ఎదురుగా తప్పుతున్నది చెవికి వినిపిస్తుంటే కాదని నా కాగితం చెబితే వాళ్లెందుకు నమ్ముతారు?

ఆఖరి శుక్రవారం నేను అక్కడే ఉన్నాను. నాలుగోసారి పాట కూలిపోయింది. తబలా ఆయన రెండు చేతులూ తబలా మీద పెట్టి ఆపేశారు. తర్వాత చాలా మామూలుగా అన్నారు.

“అన్నా, నీ చెయ్యి పోయింది.”

అవతల నుంచి మాట రాలేదు. ఆలస్యమేమో అనుకుని చూశాను. కాదు. కొంతసేపటికి మాస్టారు, “అంతేనేమో భాయ్. డయాలసిస్ మనిషిని కదా” అన్నారు. లైను కట్ అయింది.

తర్వాతి శుక్రవారం ఈయన ఫోన్ చేయలేదు, ఆయనా చేయలేదు. ఆ పైవారమూ అంతే.

ఆలస్యం కొలవడానికని చేయించిన రెండు వైపుల రికార్డింగులూ నా దగ్గర ఉన్నాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒక్కో దెబ్బా ఒక్కో స్వరమూ ఎక్కడ పుట్టిందో, అవతల ఎప్పుడు వినిపించిందో కొలవడం మొదలుపెట్టాను. క్లాసుల మధ్య చేసేదాన్ని, అందుకే పది రోజులు పట్టింది. తేలిందేమిటంటే మాస్టారి చెయ్యి ఎక్కడా తప్పలేదు. ఈయనదీ తప్పలేదు. జారిన వేగమంతా దారిలో పోయిన సమయానికి సరిగ్గా సరిపోయింది. ఒకరికోసం ఒకరు ఆగారు, అంతే. దారిలో పోయిన సమయాన్ని సరిచేసి రెండింటినీ కలిపి ఒక పాట తయారుచేశాను. అందులో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. శుక్రవారం ఇద్దరికీ ఒకేసారి వినిపిద్దామనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం క్లాసులో ఉండగా మాస్టారి తమ్ముడి ఫోన్ వచ్చింది. డయాలసిస్ కుర్చీలోనే గుండె ఆగిందట.

“భాయ్ గారికి మీరే చెప్పండమ్మా. నాకు చెప్పడం చేతకాదు” అన్నారు.

మెట్రో ఎక్కకుండా నడిచే వచ్చాను. ఆయన గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. చెప్పాను. ఆయన చేతిలో కాయ ఒలవడం పూర్తి చేసి గిన్నెలో వేశారు.

“నేను పోవాలె మేడం. ఈమెను జర చూస్తరా?”

రెండు రోజులు ఆంటీ దగ్గర ఉన్నాను. అన్నం కలిపి పెట్టాను, ఒళ్లు తుడిచాను. నెలలుగా వీలుకాని ప్రయాణం ఒక్క పూటలో కుదిరింది. నేను ముందే “ఆంటీని నేను చూసుకుంటాను, మీరు ఒకసారి వెళ్లిరండి” అని ఉంటే సరిపోయేది. ఆలస్యం తగ్గించడానికి అన్ని దారులూ వెతికాను గాని ఆ మాట మాత్రం నాకు తట్టలేదు.

ఆయన తిరిగొచ్చిన మూడో రోజు పెన్‌డ్రైవ్ పట్టుకుని కిందికి వెళ్లాను. మాస్టారి చెయ్యి పోలేదని, కొలిచి చూశానని చెప్పాను.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

“ఇప్పుడు నాకెందుకు మేడం? నేనన్న మాట ఆయన తీస్కపోయిండు.”

“తప్పు నాది అంకుల్. ముందే ఆపాల్సింది.”

“మీరు మస్తు కష్టపడ్డరు” అన్నారాయన, మర్యాదగా. కాదని మాత్రం అనలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆలస్యం పాఠం ఇప్పటికీ చెబుతున్నాను. మొన్న ఒకమ్మాయి, “మేడం, ఇది ఇంటర్వ్యూల్లో అడుగుతారా?” అని అడిగింది. పెద్దగా అడగరని చెప్పి తర్వాతి పేజీకి వెళ్లాను.

పోయిన వారం ఆంటీకి మందులు ఇవ్వడానికి కిందికి వెళితే ఆయన బజారుకు వెళ్లి ఉన్నారు. తబలాలు అటక మీద, దుప్పటి చుట్టి కనిపించాయి. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

“ఆయన వాయిస్తలేడు బేటీ. దినమంతా చేతుల్లేని మనిషి లెక్క కూసుంటుండు. నువ్వు సదువుకున్నదానివి, జర చెప్పరాదు?”

మాత్రలు డబ్బాలో సర్దాను. చెబుతానని మాత్రం అనలేకపోయాను.