యీషున్‌లో జరగని సంతకం

2000వ సంవత్సరం. వైటూకే గండం గడిచి, కంప్యూటర్ అన్న మాట బోర్డు మీదుంటే చాలు జనం ఎగబడుతున్న రోజులు. నేను సింగపూర్ లిటిల్ ఇండియాలో ఒక లాయరు దగ్గర క్లర్కుగా, తెలుగువాళ్ళొస్తే దుబాసీగా పనిచేసేవాణ్ణి. మా లాయరు చైనీస్ ఆయన, నోటరీ పబ్లిక్ కూడా. అంటే, ఆయన ఎదుట పెట్టిన సంతకానికి ఆయన ముద్ర సాక్ష్యం. ఆఫీసుకు రాలేనివాళ్ళ ఇళ్ళకు మేమే వెళ్ళేవాళ్ళం.

సింగపూర్ ఉత్తరాన ఉన్న యీషున్ నుంచి రవి అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఫోన్ చేశాడు. కోడలి పురిటికని కాకినాడ నుంచి వచ్చిన వాళ్ళమ్మ కాలు విరగ్గొట్టుకుందట. ఊళ్ళో ఆవిడ పేరనున్న స్థలం అమ్మడానికి వాళ్ళ నాన్నకు పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆవిడ తరఫున సంతకం చేసే అధికారం, రాసివ్వాలి.

ఎప్పటి పాఠమే అప్పజెప్పాను. "ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఉండాలి, జిరాక్స్ పనికిరాదు. ఇష్టపడే సంతకం పెడుతున్నారా అని లాయరు స్వయంగా అడుగుతాడు. ఫీజు ముందే కట్టాలి. మేమొచ్చాక సంతకం జరగకపోయినా తిరిగివ్వం."

"ఎందుకు జరగదు అంకుల్? అంతా రెడీ," అన్నాడు.

ఆ ఆదివారం వెళ్ళేసరికి సుభద్రమ్మగారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నారు. పాస్‌పోర్ట్ కోసం రవి చెయ్యి చాపితే, "నీకెందుకురా? ఆయనకే ఇస్తాను," అని బొడ్లోంచి తీసి స్వయంగా లాయరు చేతికిచ్చారు. ఆయన ఫోటోనూ ముఖాన్నీ పోల్చి చూసి, మామూలు ప్రశ్న అడిగాడు. "ఈ అధికారం ఎవరికిస్తున్నారు? పేరు చెప్పండి."

నేను తెలుగులో అడిగాను. ఆవిడ పలకలేదు. మళ్ళీ అడిగాను. చీరకొంగు సర్దుకున్నారు, అంతే.

రవి నవ్వేశాడు. "మా అమ్మ నాన్న పేరు పలకదు అంకుల్. రేషన్ కార్డు రాసేవాళ్ళొచ్చినా నేనే చెప్పేవాణ్ణి."

నేనూ లాయరుకు అదే విడమరిచి చెప్పాను: మా వైపు పాతకాలం ఆడవాళ్ళు భర్త పేరు నోట పలకరు, అది మర్యాద. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"మర్యాద ఓకే లా," అన్నాడు సింగపూర్ యాసలో. "కానీ ఆవిడ నోరు విప్పకపోతే నేను ముద్ర వెయ్యను. అబ్బాయిని కాసేపు బయట ఉండమను."

రవి బయట వరండాలోకి వెళ్ళాడు. పని తెమిలిపోతే బాగుండునని నేను మెల్లగా అన్నాను. "పేరు వద్దులెండి. 'మా ఆయనకే' అనండి, సరిపోతుందేమో అడుగుతాను. లేదా తలైనా ఊపండి."

"తల ఊపీ ఊపీ ఇంతదాకా వచ్చాను బాబూ," అన్నారావిడ. "సైకిల్ షాపుకి నా గాజులెళ్ళాయి. సినిమా హాల్లో క్యాంటీనుకి కాసులపేరెళ్ళింది. ఇప్పుడు కంప్యూటర్ సెంటరంట. ఆయనకి స్విచ్చెక్కడుంటాదో కూడా తెలీదు. ఆ స్థలం మా అమ్మ నాకిచ్చింది."

"మరి ముందే చెప్పలేకపోయారా?"

"ఎవరడిగారు? కాయితాలు తయారయ్యాక సంతకం పెట్టమన్నారు. నీకిష్టమేనా అని అడగడానికి మనిషొస్తాడని మావాడు ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. అందుకే ఆగాను."

తర్వాత లాయరు వైపు తిరిగి, ఆయనకు తెలుగు రాదని తెలిసీ, ఒక్కో మాటా విడివిడిగా అన్నారు. "వెంకటరత్నంగారికి నా స్థలం అమ్మే హక్కు నేనివ్వట్లేదు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదటిసారేమో. నేను తర్జుమా పూర్తిచేసేలోగానే లాయరు సంచీ సర్దుకోవడం మొదలెట్టాడు. పేరూ, ఆవిడ గొంతూ ఆయనకు సరిపోయాయి.

రవిని పిలిచి ఆవిడే చెప్పారు. వాడి ముఖం వాడిపోయింది. "నాన్నకేం చెప్పనమ్మా?"

"నువ్వేం చెప్పక్కర్లేదు. ఫోన్ కలుపు, నేనే చెప్తా."

లిఫ్టు దాకా వచ్చి రవి నసిగాడు. "అంకుల్, ఫీజు..." ముందే చెప్పానుగా అన్నాను. జాలేసింది కానీ, ఆ ఫీజుకు తగిన పని ఆ రోజు పూర్తిగానే జరిగింది.

ఆవిడ మౌనానికి అర్థం నేను చెప్పాను, కొడుకు చెప్పాడు. ఇద్దరం తప్పే చెప్పాం. అప్పటినుంచి ఎవరు బుక్ చేసుకోవడానికి ఫోన్ చేసినా పాస్‌పోర్టూ ఫీజూ అయ్యాక ఇంకోటి అడుగుతాను: సంతకం పెట్టే మనిషికి ఒకసారి ఫోనివ్వండి. "ఆవిడకేం తెలుసండీ, నాతో చెప్పండి," అంటారు కొందరు.

వాళ్ళకు నేను తేదీ ఇవ్వను.