ఒక టీకి రెండు కప్పులు

ఆత్మకూరు బస్టాండు ఎదుట పదకొండు నెలలు నడిపిన టీ ఫ్రాంచైజీలో పోయినవి ఇవి. కంపెనీకి కట్టి మళ్లీ చూడని రెండు లక్షలు. గడువుకు ముందే గది ఖాళీ చేసినందుకు అడ్వాన్సులో పట్టుకున్న ముప్పై వేలు. బోర్డు, కౌంటరు అమ్మితే కొన్న ధరకు తగ్గిన తొంభై అయిదు వేలు. రోజుకు రెండు వందల పది చొప్పున చేతినుంచి పెట్టుకున్న అరవై తొమ్మిది వేల మూడు వందలు. మొత్తం మూడు లక్షల తొంభై నాలుగు వేల మూడు వందలు.

గిరాకీ లేక కాదు. రోజుకు రెండు వందల టీలు పోయేవి. కొట్టు తెరవకముందు మూడు రోజులు అక్కడే కూర్చుని మనుషులను లెక్కపెట్టాను గానీ, వాళ్లు ఎలా తాగుతారో చూడలేదు. ఇద్దరు వస్తే ఒక టీ చెప్పి పంచుకుంటారు. కప్పులు కంపెనీవే వాడాలి, వాళ్ల వాటాతో కలిపి ఒక్కోటి మూడు రూపాయలు. టీకి నాలుగు రూపాయలు మిగలాల్సిన చోట, రెండో కప్పు తీయగానే రూపాయే మిగిలేది; అది గది అద్దెకు, కరెంటుకు చాలేది కాదు. గాజు గ్లాసులు పెడతానంటే ఒప్పందం కాగితం చూపించారు.

తర్వాత ఉదయగిరిలో నీళ్ల ప్లాంటు పెట్టాలనుకున్నాను. దారులు రెండు. ఫ్రాంచైజీ అయితే నా దగ్గరున్న రెండున్నర లక్షలు చాలు, కానీ క్యానుకు ఇంత అని ఎప్పటికీ ఇస్తూ ఉండాలి. రెండోది నాలుగున్నర లక్షలు. మిషన్లు బిగించి, నడిపి చూపించి, తాళం చేతికిచ్చి వెళ్లిపోతారు. తక్కువైన రెండు లక్షలు నా బావమరిది తన ఇంటి స్లాబుకు దాచుకున్నవి. ఇదీ మునిగితే అతను రేకుల కిందే ఉండిపోవాలి.

"నీ కాడ ఉండే డబ్బుతోనే ఫ్రాంచైజీ వస్తుంటే, నా స్లాబు మీద పడినావేంది బావా?" అన్నాడు.

"దానికి క్యాను క్యానుకూ వాటా కట్టాల. దీనికి నీకొక్కడికే కట్టాల, అదీ తీరేదాకే."

ఈసారీ మనుషులనే లెక్కపెట్టావా అని ఎత్తిపొడిచాడు. లేదన్నాను. వారం రోజులు వీధులు తిరిగి, ఏ ఇంట్లో ఎన్ని లీటర్లు, ఏ పాత్రతో పడతారో రాసుకున్న కాగితం ఇచ్చాను. బిందె తెచ్చినా, సగం క్యాను అడిగినా లీటరు ధర ఒకటే. అతను రెండుసార్లు కూడి చూశాడు.

"మా అక్క ఏమనింది?"

"నిన్నడగమనింది."

నవ్వి, మరుసటి రోజు డబ్బు తెచ్చిచ్చాడు.

ప్లాంటు పెట్టి పదహారు నెలలయింది. మొదటి రెండు నెలలు అతనికేమీ ఇవ్వలేకపోయాను. మూడో నెల నుంచి నెలకు ఆరు వేలు. మోటారు కాలిపోయిన నెలలోనూ ఆపలేదు. అతని ఇంటికి గోడలు లేచాయి, స్లాబు ఇంకా పడలేదు. ఈ నెలది కట్టాక నా బాకీ లక్షా పదహారు వేలు.